కాశాన్ గిన్నెల కోసం కాశానే వెళ్లాలా?

గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసిన మధ్యయుగపు పర్షియన్ పాత్రల కోసం ఇరాన్ వెళ్లేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు కాశాన్‌కి మూడు రోజులు పెట్టి, టెహ్రాన్‌ని ఒక్క పూటలో ముగించడం. దీన్ని తిరగేయాలి. 12, 13 శతాబ్దాల్లో మేలురకం సరుకు కాశాన్ బట్టీల్లోనే తయారైంది కానీ, ఇప్పుడు చూడాలంటే టెహ్రాన్, లండన్ లాంటి చోట్ల మ్యూజియాలే దిక్కు.

టెహ్రాన్‌కి నిండా రెండు రోజులు ఇవ్వండి. గాజు, సిరామిక్ పాత్రల ఆబ్గినే మ్యూజియం, ఇరాన్ జాతీయ మ్యూజియం రెండూ సీ-యె-తీర్ వీధి పక్కనే, నడిచి వెళ్లేంత దూరం. ఇమామ్ ఖొమేనీ మెట్రో స్టేషన్ దగ్గర గది తీసుకుంటే టాక్సీ ఖర్చు ఉండదు. ఉత్తర టెహ్రాన్ హోటళ్లు బాగుంటాయి గానీ ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది.

ఆబ్గినేలో పై అంతస్తుకే ఎక్కువ సమయం ఉంచుకోండి. లస్టరు (లోహపు మెరుపు పూత) గిన్నెని నిలబడి చూస్తే మట్టిరంగు బొమ్మలా ఉంటుంది. మోకాళ్లు వంచి, దీపం వెలుగు గిన్నె లోపలి అంచు మీద పడే కోణంలో చూడండి, బంగారు మెరుపు లేస్తుంది. ముందు తగరం కలిపిన తెల్లని గ్లేజు వేసి కాల్చేవారు. దాని మీద వెండి, రాగి సమ్మేళనాలతో బొమ్మ గీసి, రెండోసారి గాలి తగ్గించి, పొగ పెట్టి కాల్చేవారు. కాశాన్ కుమ్మరి కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో ఈ పద్ధతి రాసిపెట్టాడు: 72 గంటలు సన్నని పొగ, తరవాత తడిమట్టితో రుద్దడం. పొగ చాలకపోతే రంగు వెలవెలబోతుంది. అందుకే ఒకే గిన్నెలో ఓ పక్క ఎర్రగా, ఇంకో పక్క పసుపుగా ఉంటే నకిలీ అనుకోకండి, బట్టీలో పొగ సమంగా తగల్లేదంతే. వెండి పొలుసుల్లా ఇంద్రధనుస్సు రంగులు తేలితే మాత్రం అది లస్టరు కాదు, శతాబ్దాలు మట్టిలో ఉండి గ్లేజు చెడిపోయిన గుర్తు.

పాత్ర ఒళ్లు బంకమన్ను కాదు. అబుల్ ఖాసిం చెప్పిన పాళ్లు: పలుగురాయి పొడి 10, గాజుపొడి 1, తెల్లమట్టి 1. క్షారం ఎక్కువున్న గ్లేజు మామూలు మట్టి మీద పగిలి ఊడిపోతుంది, పలుగురాయి ఒంటికైతే పట్టుకుంటుంది. రాగి పచ్చబడకుండా నీలాకాశం రంగు ఇచ్చేది ఆ క్షారపు గ్లేజులోనే. గిన్నె అడుగు చూడటం మరిచిపోవద్దు, గ్లేజు జారి బొట్టులా ఆగిన చోటు అక్కడే కనబడుతుంది.

మీనాయీ, అంటే రంగురంగుల బొమ్మలు వేసిన, పాత్రల్లో ఎరుపు, బంగారు రేకు గ్లేజు పైన వేసినవి, తక్కువ వేడిలో కాల్చినవి. కాబట్టి అరిగి ఉండటమే సహజం. ముఖాలన్నీ నిగనిగలాడుతుంటే అనుమానించండి. 20వ శతాబ్దంలో వర్తకులు ముక్కలు అతికించి, పైన రంగులు దిద్ది అమ్మినవి చాలానే ఉన్నాయి.

కాశాన్‌కి ఒక రాత్రి చాలు. టెహ్రాన్ నుంచి దాదాపు 240 కిలోమీటర్లు, బస్సులో మూడు మూడున్నర గంటలు. హోటళ్లుగా మార్చిన పాత హవేలీల్లో దిగండి, గదులు లోపలి వాకిట్లోకి తెరుచుకుంటాయి, వీధి చప్పుడు వినబడదు. మెట్లు మాత్రం నిటారు, గుమ్మాలు పొట్టి. పెద్దవాళ్లుంటే కింది గది అడగండి. మే నెలలో గులాబీనీళ్ల కోసం జనం కాశాన్ పక్కనున్న ఖమ్సర్ ఊరికి ఎగబడతారు, గదులు దొరకవు. కుమ్మరులు వాడిన కోబాల్టు నీలం వచ్చిందీ ఆ ఖమ్సర్ నుంచే.

విదేశీ బ్యాంకు కార్డులు (వీసా, మాస్టర్ కార్డ్) ఇరాన్‌లో పనిచేయవు, నగదే తీసుకెళ్లాలి. ధర చెప్పినప్పుడు తోమానా, రియాలా అని అడగండి, ఒక తోమాన్ పది రియాళ్లు. పాత పెంకులు ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు, విమానాశ్రయంలో ఇరుక్కుంటారు. భారతీయులకు వీసా నియమాలు, అక్కడి భద్రత పరిస్థితి ఈమధ్య మారుతూనే ఉన్నాయి, టికెట్ కొనేముందు రెండూ చూసుకోండి.

లస్టరు పలకలు ఒకప్పుడు గోడలకుండిన సమాధి చూడాలంటే నతంజ్ ఊరికి కాశాన్ నుంచి టాక్సీ పోనురాను మాట్లాడుకుని, వేచి ఉండే సమయం కూడా ముందే ఖరారు చేసుకోండి. దారిలో అణుకేంద్రం ఉంది, కారులోంచి ఫోటోలు తీయొద్దు. అక్కడి ఖానఖా (సూఫీల మఠం) ద్వారం మీద నీలిపలకలు ఇంకా అలాగే ఉన్నాయి. సూఫీ గురువు అబ్దుస్సమద్ సమాధి గదిలో లస్టరు పలకలు మాత్రం ఊడదీసుకుపోయారు, గోడ బోడిగా ఉంటుంది. ఆ వరసలోని కొన్ని పలకలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ లండన్‌లోనూ కనిపిస్తాయి: రాతల పైన జంట పక్షులు, ఎవరో తలలు చెక్కేసినవి.