జుంబానా, పిలాటిసా? ఆడవాళ్లే ఎక్కువుండే క్లాసుల్లో మగవాడికి ఏది మేలు

హైదరాబాద్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌కు వెళ్లినా పొద్దున పూట సీన్ ఒకటే. డంబెల్స్ ఉన్న గదిలో మగవాళ్లు, నిలువుటద్దాలున్న హాల్లో ఆడవాళ్లు. ఇలా ఉండాలని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా ఎవరి గది వాళ్లదే. ఆ హాల్లో చేరాలని ఉన్నా "అందరూ ఆడవాళ్లే, మనకెందుకులే" అని తలుపు దగ్గరి నుంచే వెనక్కి తిరిగే మగవాళ్లు తక్కువేం కాదు. ఆ హాల్లో జరిగేవి ఎక్కువగా జుంబా, పిలాటిస్. జుంబా అంటే పాటలకు డాన్సులా చేసే వ్యాయామం, పిలాటిస్ అంటే మ్యాట్ మీద నెమ్మదిగా చేసే పొట్ట, నడుం కసరత్తులు. నేను రెండింటికీ వెళ్తుంటాను. నలభై దాటి, రోజంతా కుర్చీలోనే గడిపే మగవాడికి వీటిలో ఏది పనికొస్తుందో చూద్దాం.

అసలు ఇవి ఆడవాళ్ల వ్యాయామాలని ఎవరన్నారో తెలియదు గానీ, పుట్టించింది మాత్రం మగవాళ్లే. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు, బాక్సింగ్ చేసినవాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు తోటివాళ్ల చేత ఈ కసరత్తులు చేయించాడు. 1920ల్లో న్యూయార్క్ వెళ్లి స్టూడియో పెట్టాక, దెబ్బలు తగిలిన డాన్సర్లు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. వాళ్ల ద్వారానే అది ఆడవాళ్లలోకి పాకింది. జుంబాకు ముందున్నది ఏరోబిక్స్, అంటే గుండెకూ ఊపిరికీ పని చెప్పే వ్యాయామం. దాన్ని జనంలోకి తెచ్చిన కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళంలో డాక్టర్, ఆయన పుస్తకం 1968లో వచ్చింది. 1982లో నటి జేన్ ఫోండా వ్యాయామ వీడియో ఇళ్లలోకి వచ్చాక ఏరోబిక్స్ అంటే ఆడవాళ్లదే అన్న పేరు పడిపోయింది. జుంబా 1990ల్లో కొలంబియాలో మొదలైంది. ఆల్బెర్టో పెరెజ్ అనే ఏరోబిక్స్ టీచర్ ఒకరోజు క్లాసు క్యాసెట్ తేవడం మర్చిపోయి, దగ్గరున్న సల్సా, మెరెంగే అనే లాటిన్ అమెరికా డాన్సు పాటలతో క్లాసు నడిపించేశాడు. ఇక మగవాడు నడుం తిప్పడమేమిటని నవ్వేవాళ్లు కూచిపూడి ఊరిని తలచుకోవాలి. అక్కడ తరతరాలుగా గజ్జె కట్టింది మగవాళ్లే. సత్యభామ వేషానికి పేరుమోసిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ ఇచ్చారు.

సరే, జుంబా సంగతి. ఇందులో చేరడం తేలిక, ముందే నేర్చుకుని వెళ్లాల్సింది ఏమీ లేదు. ట్రెయినర్ పెద్దగా మాట్లాడరు, చేత్తో సైగ చేస్తారు, మనం చూసి వేయడమే. మెరెంగే అంటే దాదాపు ఉన్నచోటే మార్చింగ్. సల్సా, కుంబియా, రెగ్గేటన్ లాంటి మిగతా లాటిన్ స్టెప్పులకు కాస్త టైం పడుతుంది. మన ట్రెయినర్లు మధ్యలో ఒక తెలుగు మాస్ పాట వేస్తారు, ఇక హాలు ఊగిపోవాల్సిందే. కొత్తగా వచ్చిన మగవాడు చేసే మొదటి పని వెనక వరుసలో మూలకు చేరడం. దానివల్ల లాభం లేదు. పాట మధ్యలో అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతారు. అంతే, వెనక వరుస కాస్తా ముందు వరుస అయిపోతుంది, చూసి వేయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. మా క్లాసులో ఒక పెద్దావిడ కొత్తవాళ్లకు అదే చెప్తారు: "మధ్యలోకి రా బాబూ, మూలకు పోతే మేడమ్ కాళ్లు కనపడవు." మధ్య వరుసలో ఉంటే ఎటు తిరిగినా ఎవరో ఒకరు దిక్కు.

జుంబా పని చేసేది గుండెకు, ఊపిరికి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మూడు రోజులు గంట చొప్పున జుంబా చేస్తే మొదటి లెక్క తీరిపోతుంది. రెండోది తీరదు, చేతులు గాల్లో ఎంత ఊపినా భుజాల మీద బరువు పడదు కదా. మోకాళ్లతో ఇంకో తిరకాసు ఉంది. రన్నింగ్ షూ అడుగు నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్లు తిప్పినప్పుడు షూ తిరగదు, మోకాలు మెలిపడుతుంది. అడుగు మరీ గరుగ్గా లేని, పక్కలకు కదలడానికి వీలైన షూ వేసుకోవాలి. టైల్స్ వేసిన హాలైతే గంతులు తగ్గించుకోవాలి, బరువు ఎక్కువున్నవాళ్లు మరీనూ.

పిలాటిస్ పూర్తిగా వేరే కథ. హోరెత్తించే పాటల్లేవు, చెమటా అంతగా పట్టదు. బయటి నుంచి చూస్తే పడుకుని కాళ్లు ఊపుతున్నట్టే ఉంటుంది, అందుకే జిమ్‌లో బండ బరువులెత్తేవాళ్లకు చులకన. పిలాటిస్‌లో హండ్రెడ్ అనే కసరత్తు ఒకటుంది. వెల్లకిలా పడుకుని, తలా భుజాలూ పైకి లేపి, కాళ్లు గాల్లో చాపి, చేతుల్ని పక్కనే కిందికీ పైకీ కొడుతుండాలి. ఐదు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చాలి, ఐదు లెక్కపెట్టేదాకా వదలాలి, ఇలా పదిసార్లు. సగానికి వచ్చేసరికి పొట్ట వణుకుతుంది, మెడ పట్టేస్తుంది. పక్క మ్యాట్ మీద అరవై దాటిన ఆవిడ మాత్రం లెక్క తప్పకుండా పూర్తి చేసి, మన వైపు జాలిగా చూస్తారు.

రోల్ అప్ అనే కసరత్తయితే ఇంకా కష్టం. పడుకున్నచోటి నుంచి వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా నేల నుంచి లేపుతూ కూర్చోవాలి. మనలో చాలామంది సగంలో ఆగిపోతారు, లేదంటే చేతులు విసిరి ఒక్క ఊపున లేస్తారు. "ఊపు వద్దు సార్, మోకాళ్లు కొంచెం మడిచి నెమ్మదిగా రండి" అని మేడమ్ మళ్లీ పడుకోబెడతారు. పొట్టలో బలం చాలకపోవడం ఒక కారణం. రోజంతా కూర్చుని కూర్చుని తొడ వెనక కండరాలు, నడుం బిగుసుకుపోవడం ఇంకో కారణం. ఆ బిగువు మామూలుగా ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువ. జిమ్‌లో ఛాతీ, చేతులు చూసుకునేవాడు వీటి జోలికే పోడు, పిలాటిస్ సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది.

స్టూడియోల్లో రిఫార్మర్ అనే మిషన్ మీద కూడా చేయిస్తారు. జారే పలక, దానికి స్ప్రింగులు. ఫీజు బాగా ఎక్కువ. మగవాళ్లు వెళ్లగానే స్ప్రింగులు ఎక్కువ పెట్టమంటారు. కొన్ని కసరత్తుల్లో స్ప్రింగు తగ్గించేకొద్దీ పలక నిలవదు, కష్టం పెరుగుతుంది, ఆ సంగతి అక్కడికి వెళ్లాకే అర్థమవుతుంది. మొదలుపెట్టడానికి మ్యాట్ క్లాసు చాలు.

నన్నడిగితే, ఒక్కటే ఎంచుకోవాలంటే పిలాటిస్. గుండెకు కావాల్సిన వ్యాయామం రోడ్డు మీద వడివడిగా నడిచినా దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. పక్కన నిలబడి మన నడుం ఎక్కడ వంగలేదో చూసి సరిదిద్దే మనిషి మాత్రం బయట దొరకరు. అయితే నడుస్తాను, నడుస్తాను అంటూ ఏళ్ల తరబడి నడవనివాళ్లు, రెండు అంతస్తులెక్కితే ఆయాసపడేవాళ్లు జుంబాకే వెళ్లాలి. పాటలుంటాయి, నలుగురుంటారు, రాకపోతే "నిన్న కనపడలేదే" అని అడుగుతారు, మానేయడం అంత తేలిక కాదు. దానికి తోడు రెండు రోజులు ఇంట్లోనే డంబెల్స్ ఎత్తితే సరిపోతుంది. డిస్క్ సమస్య ఉన్నవాళ్లకు పిలాటిస్‌లో ముందుకు వంగే కసరత్తులు పడకపోవచ్చు. డాక్టర్ని అడిగి, ట్రెయినర్‌కు ముందే చెప్పి చేరాలి. బీపీ ఉన్నవాళ్లూ అంతే.

యోగా గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. పార్కుల్లో పొద్దున్నే జరిగే యోగాలో మగవాళ్లు బాగానే కనిపిస్తారు, మొహమాటం తక్కువ, ఖర్చూ తక్కువ. పెద్ద బ్యాచ్‌లో మాత్రం మన భంగిమ సరిగ్గా ఉందో లేదో చూసేవాళ్లు ఉండరు. యోగాలో అయితే ఒకప్పుడు గుమ్మం దగ్గర ఆగిపోయింది ఆడవాళ్లు. 1930ల్లో మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్య దగ్గర నేర్చుకుంటానని వచ్చిన ఇంద్రాదేవి అనే ఆవిడకు మొదట కాదనే జవాబు వచ్చింది.

మొహమాటం ఎందులో ఎక్కువంటే, పిలాటిస్‌లోనే. జుంబాలో పాటల హోరులో ఎవరి స్టెప్పుల టెన్షన్ వాళ్లది, పక్కవాళ్లను చూసే తీరిక ఉండదు. పిలాటిస్‌లో హాలు ప్రశాంతంగా ఉంటుంది, కాళ్లు పైకెత్తాల్సి వస్తుంది. వదులు షార్ట్స్ వేసుకెళ్తే మనకూ ఇబ్బందే, పక్కవాళ్లకూ ఇబ్బందే. ట్రాక్ ప్యాంట్ వేసుకోండి. ఫోన్ బ్యాగులో పెట్టండి, సెల్ఫీ వీడియో అసలొద్దు, నాలుగు వైపులా అద్దాలున్న హాల్లో ఫ్రేములో పడేది మీరొక్కరే కాదు. అడగనిదే ఎవరికీ సలహాలివ్వొద్దు.

చేరేముందు రిసెప్షన్‌లో అది లేడీస్ బ్యాచ్ కాదు కదా అని అడగండి. పిల్లల్ని స్కూలుకు పంపాక వచ్చే పది గంటల బ్యాచ్‌ను కొన్నిచోట్ల ఆడవాళ్లకే ఉంచుతారు. వాళ్లు వద్దంటే వాదించకుండా సాయంత్రం బ్యాచ్ చూసుకోండి. ట్రయల్ క్లాసు ఇస్తారేమో కనుక్కోండి. మూడు నెలల ప్యాకేజీలో డిస్కౌంట్ ఉందని ఊరిస్తారు, ముందు ఒక నెలకే కట్టండి.