కరెంటు పెట్టే ఫిజియో, బరువు ఎత్తించే ఫిజియో: ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత నా రివ్యూ

ముందే చెప్తున్నా, పెద్ద రివ్యూ ఇది. మోకాలికి బ్రేస్ కట్టుకుని మంచం మీద పడున్నవాళ్ళకి టైమ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి పర్లేదు, చదవండి. విజయనగరంలో నేను ఏడు నెలలకి పైగా వెళ్ళిన ఫిజియోథెరపీ సెంటర్ గురించి రాస్తున్నా. 5కి 4 స్టార్లు. ఆ ఒక్క స్టారు ఎందుకు కోశానో కింద ఉంది. పేరు రాయట్లేదు, అక్కడి ఫిజియో మేడమే వద్దన్నారు, ఇప్పటికే సాయంత్రంపూట కూర్చోడానికి కుర్చీ దొరకట్లేదు అక్కడ.

నేను లైన్‌మన్‌ని. స్తంభం ఎక్కితేనే పని. సంక్రాంతికి ఊరెళ్ళి, కనుమ రోజు కుర్రాళ్ళతో కబడ్డీకి దిగా. ముప్పై దాటినోడివి నీకెందుకురా అని అమ్మ అంటూనే ఉంది. రైడ్‌కి వెళ్ళి వెనక్కి తిరిగా, పాదం మట్టిలో అలాగే ఉండిపోయింది ఒళ్ళు మాత్రం తిరిగింది, లోపల్నుంచి టప్‌మని ఎండు పుల్ల విరిగినట్టు సౌండు, పక్కనున్నోడు కూడా విన్నాడు. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత అయింది. ఓ పది రోజులు నాటు కట్టు, పసుపు పట్టు అయ్యాక ఎమ్మారై తీస్తే ఏసీఎల్, అంటే మోకాల్లో ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్, పూర్తిగా తెగిందని తేలింది. ఫిబ్రవరి ఆఖర్లో వైజాగ్‌లో ఆపరేషన్, తొడ వెనకాల ఉండే హ్యామ్‌స్ట్రింగ్ తీగ తీసి లిగమెంట్ ప్లేసులో పెట్టారు. ఆపరేషన్‌తో నాకు కంప్లైంట్ ఏమీ లేదు. డిశ్చార్జి కాగితంలో ఫిజియోథెరపీ చేయించుకోమని ఒక్క లైన్ రాశారు, మిగతా కథంతా ఆ ఒక్క లైన్లోనే ఉందని అప్పుడు నాకేం తెలుసు.

మొదట వేరే సెంటర్‌కి వెళ్ళా. దాని పేరూ అనవసరం. వెళ్ళగానే పడుకోబెట్టి వేడి సంచి, తర్వాత నాలుగు రబ్బరు కప్పులు అంటించి 20 నిమిషాలు కరెంటు, జిలజిలమంటుంది హాయిగా ఉంటుంది, కర్టెన్ వెనకాల నేను ఫోన్లో రీల్స్ చూసుకునేవాణ్ణి. ఆఖర్న కాలు పదిసార్లు పైకెత్తమని చెప్పి ఆ అబ్బాయి పక్క బెడ్‌కి వెళ్ళిపోయేవాడు. రోజూ రమ్మన్నారు, రోజూ వెళ్ళా, నెల పైనే. పగలంతా కరెంటుతో బతికేవాణ్ణి, వైద్యం కూడా కరెంటేనా అని మా ఏఈ గారు జోకులు. నొప్పి తగ్గింది, అది నిజం. కానీ ఓ రోజు స్నానం చేస్తూ చూసుకుంటే ఎడమ తొడ ఎండిపోయిన మునగకాయలా ఉంది, నిలబడితే మోకాలు పూర్తిగా నిటారుగా రావట్లేదు, మెట్లు దిగుతుంటే కాలు నాది కానట్టు వణుకుతోంది. అడిగితే టైమ్ పడుతుంది సార్ అన్నారు. బరువులు ఎప్పుడు పెడతారంటే అమ్మో ఇప్పుడే వద్దు సార్, గ్రాఫ్ట్ (అదే, కొత్తగా పెట్టిన తీగ) తెగిపోతుంది అన్నారు. ఎప్పుడు పెట్టాలో చెప్పలేదు, అసలు పెట్టే ఉద్దేశం ఉన్నట్టు కూడా అనిపించలేదు.

ఆపరేషనయ్యి ఏడో వారం నడుస్తుండగా మా బావ ఈ రెండో చోటికి పంపాడు. మూడు లాంతర్ల వైపు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మేడమ్ మొదటిరోజు మెషీన్ జోలికే వెళ్ళలేదు. బల్ల మీద కాళ్ళు చాపించి మోకాలి కింద ఎంత సందుందో చూశారు, నా నాలుగు వేళ్ళు దూరేంత. టైలర్ టేపు తీసి మోకాలిచిప్ప పై నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టి రెండు తొడలూ కొలిచారు, ఎడమది మూడున్నర సెంటీమీటర్లు తక్కువ. "తమ్ముడూ, నీ లిగమెంట్ డాక్టర్ గారు వేసేశారు, దానికి నువ్వూ నేనూ చేసేదేం లేదు. నీ తొడ మాత్రం నిద్రపోయింది. దాన్ని ఎవరు లేపుతారు?" అన్నారు.

నాకు అర్థమైనంతలో విషయం ఇది. మోకాల్లో నీరు పట్టినంతకాలం ముందు తొడ కండరానికి సిగ్నల్ సరిగ్గా వెళ్ళదు, ఫ్యూజు పోయినట్టు అనుకోండి. కండ బిగించమంటే బిగియదు, వాడకపోతే కరిగిపోతుంది. కరెంటులో కూడా రకాలున్నాయంట, నాకు అన్నాళ్ళు పెట్టింది నొప్పి తగ్గించేది. కండని పట్టి బిగదీసే కరెంటు వేరే ఉంది, అది మొదటి వారాల్లో బాగా పనికొస్తుంది, అది పెడుతున్నప్పుడు మనం కూడా కాలు బిగించాలి, రీల్స్ చూస్తే కుదరదు. మేడమ్ అది మూడు వారాలు పెట్టి తీసేశారు. ఈలోపు కాలు నిటారు చెయ్యడానికి మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి పైన ఇసుక సంచి వేసి పది నిమిషాలు అలా ఒగ్గీసేవారు. హాయి గీయి ఏమీ లేదు అందులో, సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకుంటూ పళ్ళు కొరుక్కోవడమే.

తర్వాత బరువులు. అన్నీ ఒకేసారి కాదు, లెక్కుంది దానికి. గోడకి ఆనుకుని సగం కూర్చోవడం, కాళ్ళతో బరువు తోసే లెగ్ ప్రెస్, చిన్న పీట ఎక్కి దిగడం, మడమలెత్తడం, ఇలా పాదం దేనికైనా ఆనించి చేసేవి ముందు. కుర్చీలో కూర్చుని గాల్లో కాలు చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్ ఉంది చూశారా, అది చివరిదాకా చాపేటప్పుడు కొత్త లిగమెంట్ మీద లాగుడు పడుతుంది కాబట్టి మొదట్లో 90 డిగ్రీల నుంచి 45 దాకానే, తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచుతూ పూర్తిగా. హ్యామ్‌స్ట్రింగ్ తీగ వేసినవాళ్ళకైతే 12 వారాల దాకా ఆ ఎక్సర్‌సైజ్‌కి అదనపు బరువు కట్టనన్నారు. వెనక తొడ మీద కూడా తొందరపడలేదు, తీగ తీసింది అక్కణ్ణుంచే కదా. ఇంకోటి కూడా చెప్పారు, పెట్టిన తీగ మొదట్లో గట్టిగానే ఉంటుందంట గానీ ఒంట్లో కలిసేలోపు రెండు మూడు నెలల టైమ్‌లో మెత్తబడుతుంది, సరిగ్గా అప్పుడే నొప్పి పోయి మనకి కొమ్ములొస్తాయి. నాకూ వచ్చాయి, పదో వారంలో బండి కిక్ కొట్టబోయి మా ఆవిడ చేత తిట్లు తిన్నా.

నాకు బాగా నచ్చింది బరువు పెంచే పద్ధతి. 5 కేజీలు పెట్టి పది తియ్యమంటారు, తీశాక "ఇంకెన్ని తియ్యగలవు?" అంటారు. ఇంకో ఏడెనిమిది మేడమ్ అన్నా ఓసారి గొప్పగా. "అయితే అది బరువు కాదు, గాలి" అని ఇంకో పలక వేశారు. ఇంకో రెండు మించి తియ్యలేను అనే దగ్గరుండాలి బరువు, పది చొప్పున మూడు సెట్లు, అంతే. ఈ మూడు సెట్ల లెక్క నిన్నా మొన్నటి జిమ్ముల్లో పుట్టింది కాదంట, రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్ళు దెబ్బతిన్న సైనికులతో డిలోర్మ్ అనే అమెరికా ఆర్మీ డాక్టర్ బరువులెత్తించి, 1945లో దాని గురించి రాశాడంట, మొదట ఏడు నుంచి పది సెట్లు చేయించి తర్వాత మూడు చాలని తగ్గించాడు. అంటే మా తాతల కాలం నాటి సంగతి, మన సెంటర్లలో ఇంకా వేడి సంచి దగ్గరే ఉన్నాం.

పెంచిన మర్నాడు పొద్దున్న ఇంట్లో నేనే చూసుకోవాల్సిన టెస్ట్ ఒకటి నేర్పారు. మోకాలిచిప్పకి లోపలి పక్క గుంట ఉంటుంది కదా, దాన్ని చేత్తో కింద నుంచి పైకి తోసి, తర్వాత బయటి పక్కన పైనుంచి కిందకి నిమరాలి. నీరుంటే ఆ గుంటలో బుడగలా మళ్ళీ ఉబ్బుతుంది. ఉబ్బితే ఆ రోజు బరువు తగ్గించాలి, ఉబ్బకపోతే ముందుకి. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాకా పర్లేదు, దాటితే ఆపెయ్యాలి. ఇంత సింపుల్ విషయం మొదటి చోట నెల రోజుల్లో ఎవరూ చెప్పలేదు, అదే నా కడుపుమంట.

అక్కడి జనం గురించి కూడా చెప్పాలి. నా టైమ్‌కే ఆమదాలవలస నుంచి వచ్చిన రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ మావయ్య ఒకాయన ఉండేవారు, మోకాలి చిప్పలు మార్పించుకున్నారు, విజయనగరంలో కూతురింట్లో ఉండి వస్తారు. నేను పలక పెంచినప్పుడల్లా మొహం మాడ్చుకుంటే "ఏటి బాబూ, మా ఊరి కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కేజీలెత్తి మెడల్ తెచ్చింది, నువ్వు పన్నెండు కేజీలకి ఏడుస్తన్నావేటి" అనేవారు. 240 అంటే ఒక్కసారి కాదు మావయ్యా, రెండు రకాలుగా ఎత్తిన 110, 130 కలిపి అని నేనూ గూగుల్ చూసి వాదించా. "కలిపితే మాత్రం, నీవి కలిపితే ఎంతొస్తాదో చెప్పు" అన్నారు, ఇంకేం మాట్లాడతాను. కొండవెలగాడ నుంచి భుజం దెబ్బతో వచ్చే వెయిట్‌లిఫ్టర్ కుర్రాడు ఒకడుండేవాడు, పాపం వాడే నా స్క్వాట్ చూసి "అన్నా, బరువంతా మంచి కాలి మీద వేసేస్తన్నావు" అని పట్టేశాడు. నిజమే, అద్దంలో చూస్తే నడుం కుడిపక్కకి జారిపోతోంది, నాకు తెలీకుండానే దొంగతనం. అప్పట్నుంచి రెండు బాత్‌రూమ్ తూకాలు తెచ్చి కాలొకటి వాటి మీద పెట్టించి స్క్వాట్ చేయించారు మేడమ్, రెండు ముళ్ళూ ఒకే దగ్గరికి వచ్చేదాకా ఒప్పుకోలేదు.

బలం కొలిచేది కూడా ఇలాంటి జుగాడే. బల్ల కాలికి గొలుసు, గొలుసుకి పాత ఇనప సామాన్ల కొట్లో వేలాడదీసే డిజిటల్ కాటా, కాటాకి బెల్టు, బెల్టు నా చీలమండకి. మోకాలు 90 డిగ్రీల్లో పెట్టి ఉన్న బలమంతా పెట్టి ముందుకి తన్నాలి. నాలుగో నెలలో కుడికాలు 41, ఎడమకాలు 19. ఆ అంకె చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది, అప్పటికి నేను మామూలుగా నడుస్తున్నా, చూసినోళ్ళంతా తగ్గిపోయిందిగా అనేవాళ్ళు. ఆరో నెలకి 30. నెలకోసారి ఆ కాటా ముందు కూర్చోవడం పరీక్ష రిజల్ట్ లాగే ఉండేది.

డబ్బుల విషయానికొస్తే సిట్టింగ్‌కి 400, మొదటి చోట 250. కానీ ఇక్కడ వారానికి రెండుసార్లు చాలన్నారు, మిగతాది ఇంట్లో చేసుకోమని కాగితం మీద రాసిస్తారు, లెక్కేస్తే ఇక్కడే తక్కువైంది. ఇంటికి ఆన్‌లైన్‌లో రబ్బరు బ్యాండ్లు కొన్నా, రంగురంగులవి ఐదు, పచ్చది మూడో వారమే తెగి మొహమ్మీద ఈడ్చి కొట్టింది. తర్వాత పాత ప్యాంటు కాలు కుట్టించి అందులో ఇసుక పోసుకున్నా, కిరాణా కొట్లో తూకం వేయించి. తూకం అడగ్గానే ఆ కొట్టాయన మొహం చూడాలి.

ఇక ఆ కోసిన స్టారు. సెంటర్ రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. మోకాళ్ళ వైద్యం, రెండో అంతస్తు! మెట్లు నిటారుగా, చెయ్యి పట్టుకోడానికి ఒక పక్కే రెయిలింగ్. మేడమ్‌ని అడిగితే అద్దె తక్కువ తమ్ముడూ అన్నారు, సరే. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఒక్కటే, కిర్రుమంటుంది, సాయంత్రం ఆరు దాటితే దాని కోసం లైన్. కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు, చెమటతో చేతులు జారతాయి, కరెంటు పోయినప్పుడల్లా అందరూ నావైపే చూసేవారు, అదేదో నేను తీసినట్టు. అపాయింట్‌మెంట్ టైమ్‌కి పిలిచింది తక్కువ, అరగంట అటూ ఇటూ ఖాయం.

ఇంకోటి, ఇక్కడ తొందర పెట్టినా పంపరు. మా విజయనగరం అమ్మవారి సిరిమాను పండగ నాటికి ఏడున్నర నెలలు, బాగానే ఉన్నా కదా ఊళ్ళో కుర్రాళ్ళతో ఓ ఆట ఆడతానంటే మేడమ్ ససేమిరా అన్నారు. కనీసం 9 నెలలు, మంచి కాలితో పోలిస్తే బలం 90 శాతం, ఒంటికాలితో గెంతే టెస్టులు, ఇవి మూడూ అవ్వాలి. అమెరికా, నార్వే వాళ్ళు కలిసి చేసిన స్టడీ ఒకటుంది, 2016లో వచ్చింది, 9 నెలల దాకా ఆటకి వెళ్ళడం ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్ళీ మోకాలు దెబ్బతినే రేటు సగానికి తగ్గిందని అందులో ఉందన్నారు. అమ్మవారి సిరిమాను మాత్రం కోట దగ్గర నాలుగు గంటలు నిలబడి చూశా, మోకాలు కిక్కురుమనలేదు.

పోయిన వారం కాటా మీద కుడి 42, ఎడమ 38. గెంతుడు టెస్టులో ఒకటి ఇంకా బాకీ ఉంది, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందంట. స్తంభం ఎక్కడానికి మాత్రం ఓకే అన్నారు, సోమవారం ఎక్కా కూడా, దిగేటప్పుడు ఎడమకాలు ముందు వేశా.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఏడింటికి వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది. నిక్కరు తీసుకెళ్ళండి, ప్యాంటు పైకి మడుచుకుంటా అంటే మేడమ్ తిడతారు, తొడ కనపడాలి. ఎమ్మారై రిపోర్ట్ కంటే ఆపరేషన్ నోట్ ముఖ్యం, ఏ తీగ వేశారో అందులో ఉంటుంది, నేను మర్చిపోయి మళ్ళీ మెట్లన్నీ దిగి ఎక్కా.