గ్లో ఇంజన్‌కి (మోడల్ విమానాలకు పెట్టే, మిథనాల్ ఫ్యూయల్‌తోని నడిచే చిన్న ఇంజన్) ఆముదమా, సింథటిక్ ఆయిలా?
మన మహబూబ్‌నగర్, నల్లగొండ సైడు ఒకప్పుడు ఆముదం మస్తు పండేది గానీ గానుగ నూనె తెచ్చి డైరెక్ట్‌గ మిథనాల్‌ల కలపకుర్రి, జిగురు తీసి శుద్ధి చేసిందే కావాలె. దీని గొప్పతనం ఏందంటే, మిక్చర్ లీన్ అయి (గాలి ఎక్కువై ఫ్యూయల్ తక్కువై) ఇంజన్ మస్తు వేడెక్కినా పిస్టన్ మీద నూనె పొర తొందరగ వదలదు, మే నెల ఎండలల్ల గదే కాపాడుతది, కాకపోతే ఫిన్నుల (ఇంజన్‌ని చల్లబరిచే రేకుల) మీద గోధుమరంగు వార్నిష్ పట్టి అది మళ్లా వేడిని బయటికి పోనియ్యది, గీకలేక చావాలె. సింథటిక్ క్లీన్‌గ ఉంటది, కానీ లీన్ అయిందా, ఆముదం కంటె ముందే చేతులెత్తేస్తది. నేనైతే మొత్తం 20% ఆయిల్ ఉండేటట్టు రెండూ కలిపిన ఫ్యూయలే పోస్త, నీడిల్ (ఫ్యూయల్ ఎంత పోవాల్నో సర్దే స్క్రూ) కొంచెం రిచ్‌గనే, అంటే ఫ్యూయల్ జర ఎక్కువ పోయేటట్టే పెడ్త. ఇంకోటి, కౌలింగ్ (ఇంజన్ మీద కప్పే తొడుగు) ఉంటే గాలి బయటికి పోయే రంధ్రం లోపలికొచ్చే దానికంటె పెద్దగుండాలె, లేకుంటే వేడి గాలి లోపల్నే తిరుగుతది.