సబ్బుకి గానుగ నూనా, రిఫైన్డ్ నూనా?

"కోనసీమలో ఉండి కూడా సబ్బులకి రిఫైన్డ్ కొబ్బరినూనె పోస్తారేంటండీ?" ఈ మాట విని విని, ఓసారి రెండూ చేసి చూశాను. కిలో గానుగ నూనె, కిలో రిఫైన్డ్. కిలో నూనె పూర్తిగా సబ్బు కావాలంటే 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. సబ్బులో సోడా మిగిలిపోకుండా 5 శాతం తగ్గించి, దేనికది 174 గ్రాములు వేశాను.

గానుగ నూనె మూత తీస్తే వంటిల్లంతా కొబ్బరి లౌజు వాసన. మర్నాడు ముక్కలు కోసేసరికి ఆ వాసన ఎటుపోయిందో! ఆరు వారాలు ఆరబెట్టి, గానుగ సబ్బు వెనక కత్తితో చిన్న గీత పెట్టి, రెండూ పిన్నికిచ్చాను. వారం వాడి, "గీతదీ, గీత లేనిదీ రెండూ చర్మం లాగేస్తున్నాయే" అంది.

అసలు సంగతి అదే. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. గానుగాడినా, రిఫైన్ చేసినా అది మారదు. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పటి బోరునీళ్లకి కూడా నురగ వచ్చేది దానివల్లే, చర్మం బిర్రుగా లాగేదీ దానివల్లే. అందుకని ఏ నూనె అన్నదానికంటే ఎంత నూనె అన్నది చూసుకోండి. నేనిప్పుడు కొబ్బరి మూడో వంతు దాటనివ్వను. మిగతాది తవుడు నూనె, కాస్త ఆముదం. ఒక్కో నూనెకి సోడా లెక్క వేరు, మర్చిపోవద్దు. ఒట్టి కొబ్బరితోనే కావాలంటే, కొంత నూనె సబ్బు కాకుండా మిగిలేలా సోడా 20 శాతం తగ్గించి, కిలోకి 146 గ్రాములే వేయండి.

కొబ్బరిపాల నుంచి తీసిన వర్జిన్ నూనె సబ్బులో పోయడం డబ్బు దండగ.

ఒంటికి రాసుకోవడానికైతే మాత్రం నా ఓటు గానుగకే. అక్కడ సోడా లేదు కాబట్టి వాసన, గుణం ఉన్నవున్నట్టు ఉంటాయి. కాకపోతే ఎండు కొబ్బరి సరిగ్గా ఎండాలి. తేమ మీద ఆడిస్తే నూనె త్వరగా మక్కిపోతుంది. కొనేముందు రెండు చుక్కలు అరచేతిలో రుద్ది వాసన చూడండి. స్నానం కాగానే తడి ఒంటిమీదే రాసుకుంటే కొంచెంతో సరిపోతుంది. మొటిమలు వచ్చేవాళ్లు ముఖానికి రాయకండి.

అన్నట్టు, 24 డిగ్రీల దగ్గరే ఇది గడ్డకడుతుంది. ధనుర్మాసంలో పొద్దున్నే సీసా చూసి, కల్తీ నూనె ఇచ్చారని గానుగాయన మీద పోట్లాటకి వెళ్లకండి. నేను వెళ్లొచ్చాను.