ఆడి టీటీ సస్పెన్షన్ బుష్‌లు మహబూబ్‌నగర్‌లనే మార్పిచ్చిన, పని ఎట్ల చేసిండ్రంటే

మన దిక్కు స్పోర్ట్స్ కార్లే తక్కువ, ఉన్నోళ్లు కూడ చిన్న సౌండ్ వస్తే చాలు బండిని హైదరాబాద్ తోల్కపోతరు. బుష్‌లు అంటే సస్పెన్షన్ జాయింట్లల్ల అదురు ఆపే రబ్బరు ముక్కలు, వాటి పనికైతే అంత దూరం అక్కర్లేదు, నేను మహబూబ్‌నగర్‌ల జడ్చర్ల రోడ్డు మీది ఓ షెడ్డుల చేపిచ్చిన, చాన మంచిగ చేసిండ్రు.

బండి సెకండ్ జనరేషన్ టీటీ, ముందల మాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒక్కటే ఉండే రకం). స్పీడ్ బ్రేకర్ దిగంగనే టక్‌మని సౌండ్, ఎన్‌హెచ్ 44 మీద గట్టిగ బ్రేక్ కొడితే ఓ పక్కకి గుంజుడు, ముందు టైర్లు లోపలి అంచుకి అరుగుడు. ఓ పెద్ద సర్వీస్ సెంటర్‌ల లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి కింది ఫ్రేముకి కలిపే చేతులు) మొత్తం మార్చాలన్నరు. ఇక్కడ మిస్త్రి అన్న బండి లేపి ఆర్మ్ సందుల రాడ్డు పెట్టి కదిలిచ్చి నాకే చూపిచ్చిండు, ఆర్మ్ వెనక బుష్ రబ్బరు పగిలి స్లీవ్ (రబ్బరు అతుక్కునుండే లోహపు గొట్టం) నుంచి ఊడొచ్చింది. చక్రం దిక్కు ఉండే బాల్ జాయింట్ మంచిగనే ఉంది, బుష్‌లు ఏస్తే అయిపోతది సార్ అన్నడు.

రబ్బరుకి బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు ఏద్దామా అని అడిగిన. అది గట్టిగ ఉంటది, స్టీరింగ్ షార్ప్ అయితది గాని రోడ్డు అదురంత లోపలికొస్తది, గ్రీజు ఎండితే కిర్రుమంటది, ట్రాక్ మీద తోలేటోళ్లకి సరే మీరు రోజు తిరిగే రోడ్లకి రబ్బరే మేలన్నడు. నిజమే. లెమ్‌ఫోర్డర్ కంపెనీ రబ్బరు బుష్‌లు ఆన్‌లైన్ల తెప్పిచ్చి ఇచ్చిన.

నాకు బాగ నచ్చింది బోల్టులు బిగిచ్చిన పద్ధతి. రబ్బరు బుష్ గుండ్రంగ తిరగది, లోపలి స్లీవ్‌కి అతుక్కొని ఉంటది కాబట్టి ఆర్మ్ లేచి దిగినప్పుడల్ల రబ్బరే మెలిపడుతది. చక్రాలు గాల్ల ఏలాడుతుంటె బిగిస్తే, బండి కిందికి దిగినంక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటది, కొత్తదైనా తొందరగ చినుగుతది. చాన షెడ్లల్ల ఇదెవ్వరూ పట్టిచ్చుకోరు. ఈ అన్న పని మొదలువెట్టకముందే హబ్ నడిమి నుంచి ఫెండర్ అంచు దాక టేపుతోటి కొలిచి రాసుకున్నడు, తర్వాత ఆర్మ్ కింద జాకీ పెట్టి అదే కొలతకి లేపి అప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతోటి బిగిస్తున్నమో కొలిచే పానా) పెట్టి బిగిచ్చిండు. బోల్టులు కూడ కొత్తయే అడిగిండు, ఇవి బిగిచ్చినప్పుడు సాగే రకం, పాతయి మళ్ల వాడొద్దు. బుష్ రబ్బరు నడుమ ఇడిచిన ఖాళీ సందులు ఏ దిక్కు ఉన్నయో ఆర్మ్ మీద పెయింట్ గీత గీసుకోని, సుత్తితోటి కొట్టకుంట ప్రెస్సుల పెట్టి నొక్కిండు.

ఇప్పుడు సౌండ్ లేదు, బ్రేక్ కొడితే సీదా ఆగుతున్నది, వంపుల్ల స్టీరింగ్ మీద నమ్మకమొచ్చింది. లేబర్ ఆ సర్వీస్ సెంటర్ కొటేషన్‌ల సగం కూడ కాలే.

లోటు అంటే, వాళ్ల దగ్గర వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిజేసే) మెషిన్ లేదు. బుష్‌లు మార్చినంక నాలుగు చక్రాలకి అలైన్‌మెంట్ తప్పకుంట చేపియ్యాలె, లేకుంటె కొత్త టైర్లు కూడ అట్లనే అరుగుతయి. నేను ఏరే దగ్గర చేపిచ్చుకున్న. షెడ్డుల ఒక్కటే ర్యాంపు ఉంది, ముందు రోజు ఫోన్ చేసి పార్ట్స్ చేతుల పట్టుకోని పొద్దుగాలనే పోండ్రి.