ఎండ పడే చోట నేలను కప్పే మొక్కలు: కొన్నేళ్లు పెంచాక నా అభిప్రాయం

రోజంతా ఎండ కాసే ఒక మడిలో లాన్ బదులు నేల మీద పాకే మొక్కలు వేశాను. కొన్నేళ్లుగా మూడు రకాలు, అంటే పింటో వేరుశనగ, నాచు పూలు, వెడీలియా, పక్కపక్కనే పెరుగుతున్నాయి కాబట్టి పోల్చి చెప్పగలను.

‘మెయింటెనెన్స్ ఉండదు’ అని నర్సరీ వాళ్లు చెప్పే మాట నేల మొత్తం కప్పుకున్నాకే నిజమవుతుంది. అప్పటిదాకా కలుపు తీయక తప్పదు. ముఖ్యంగా తుంగ. దాని గడ్డలు మట్టిలో మిగిలితే పైన ఏం పరిచినా పొడుచుకుని వస్తుంది. నాటకముందే తవ్వి ఏరేయాలి.

నా ఓటు పింటో వేరుశనగకు. మనం తినే వేరుశనగకు దగ్గరి చుట్టమే, కానీ దీన్ని పెంచేది పచ్చదనం కోసం, చిన్న పసుపు పూల కోసం. చీకటి పడితే ఆకులు ముడుచుకుంటాయి, వాడిపోయిందని కంగారు పడకండి. వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అందిస్తుంది కాబట్టి యూరియా జోలికి పోనక్కర్లేదు. జానెడు ఎడంతో కొమ్మ ముక్కలు నాటితే చాలు. మొదట్లో మాత్రం నత్తనడక, ఓపిక పట్టాలి. అప్పుడప్పుడు మీద నడిచినా తట్టుకుంటుంది. రోజూ నడిచే చోట రాళ్లు పరుచుకోవడమే మేలు. మండుటెండల్లో నీళ్లు పూర్తిగా ఆపేస్తే ఆకు రాలుస్తుంది, తడి తగిలితే మళ్లీ చిగురు వేస్తుంది. సున్నం ఎక్కువున్న నేలలో ఆకులు పసుపుబారతాయి.

నాచు పూలు, అదే టేబుల్ రోజ్, అందంలో మొదటి స్థానం. నీళ్లు కూడా పెద్దగా అడగవు. కానీ పూలు ఎండలోనే విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. సాయంత్రం ఇంటికి చేరేవాళ్లకు ఏం లాభం? వానలకు నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి, ఖాళీ అయిన చోట కలుపు దిగుతుంది. పెద్ద మడికి కాదు, రాళ్ల సందులకు బాగుంటాయి.

వెడీలియా అన్నిటికన్నా వేగంగా అల్లుకుంటుంది. దాంతో వచ్చే టెన్షన్ కూడా అదే. కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది, కత్తిరించి పడేసిన ముక్క కూడా బతుకుతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 దురాక్రమణ జాతుల (కొత్త చోటికి చేరి అక్కడి జీవులను అణచేసేవి) జాబితాలో దీని పేరుంది. సిమెంటు గట్టు ఉన్నా కత్తెరకు విశ్రాంతి దొరకదు. పక్కన పొలమో కాలువో ఉంటే అసలు వద్దు.

పింటోకు అంచులు ఎప్పుడో ఒకసారి కత్తిరిస్తే సరిపోతోంది. ఎండుటాకులతోనే చిక్కు: చీపురు తీగల్లో ఇరుక్కుంటుంది, చేత్తో ఏరాల్సిందే.