కారవాన్ బ్యాటరీకి ఛార్జింగ్: నేరుగా వైరా, డీసీ-డీసీ ఛార్జరా?

ఆస్ట్రేలియాలో కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) కొన్న ప్రతివాళ్లకీ వచ్చే ప్రశ్న ఇది. కారు నుంచి కారవాన్ బ్యాటరీకి రిలే (కారు వోల్టేజ్ తగినంత ఉన్నప్పుడే రెంటినీ కలిపే స్విచ్), ఆండర్సన్ ప్లగ్‌ (ఎక్కువ కరెంటు మోసే ప్లగ్)తో నేరుగా వైరు లాగాలా? కారవాన్‌లో డీసీ-డీసీ ఛార్జర్ (కారు నుంచి వచ్చే వోల్టేజ్‌ని బ్యాటరీకి సరిపడేలా మార్చి ఇచ్చే పరికరం) పెట్టాలా?

ఖర్చు: రిలే చౌక. ఛార్జర్‌కి వందల డాలర్లు.

పని: రెండింటికీ మందపాటి వైరు, రెండు చివర్లా ఫ్యూజులు తప్పవు. ఛార్జర్‌కి గాలి ఆడే చోటు కూడా కావాలి.

వోల్టేజ్: అసలు చిక్కు ఇక్కడే. కారు నుంచి బ్యాటరీకి 8 మీటర్లనుకుంటే, రానూపోనూ 16 మీటర్ల రాగి. 25 ఆంపియర్లు లాగితే 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు 1.15 వోల్టులు పోతాయి. 16 చదరపు మిల్లీమీటర్లదైతే 0.43 మాత్రమే. కొనేటప్పుడు జాగ్రత్త: ఆస్ట్రేలియాలో "6 ఎం.ఎం. ఆటో కేబుల్" అంటే ఇన్సులేషన్‌తో కలిపిన వ్యాసం, లోపలి రాగి దాదాపు 4.6 చదరపు మిల్లీమీటర్లే. ఛార్జర్ ఈ నష్టాన్ని సరిచేసి 14.4 వోల్టులు ఇవ్వగలదు. అలాగని సన్న వైరు వేయకండి. వోల్టేజ్ తగ్గేకొద్దీ ఛార్జర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైరు వేడెక్కుతుంది.

రిస్క్: స్మార్ట్ ఆల్టర్నేటర్ (అవసరాన్ని బట్టి వోల్టేజ్‌ని పెంచుతూ తగ్గించే కారు జనరేటర్) ఉన్న కార్లలో వోల్టేజ్ పడిపోయినప్పుడు రిలే కనెక్షన్ తెంచేస్తుంది, రోజంతా నడిపినా బ్యాటరీ నిండదు.

పాత కారు, లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఎక్కువగా పవర్డ్ సైట్లలో (కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంపు స్థలాల్లో) బస అయితే నేరుగా వైరు చాలు. లిథియం బ్యాటరీ గానీ, స్మార్ట్ ఆల్టర్నేటర్ గానీ ఉంటే ఛార్జరే పెట్టించండి.